బట్టలారబెట్టు యంత్రము – గృహమున చేసికొనదగు మరమ్మతులు

అన్నము తరువాత మానవునకు ముఖ్యమైనది వస్త్రము. వస్త్రమును నేయుట ఒక విద్య, ఉదుకుట ఒక శ్రమ. ఆరబెట్టుట మాత్రము చిరకాలము ఎండకును గాలికిని వదలివేసిన పనిగానే ఉండెను. పెరడును, దండెమును గల ఇండ్లలో అది నేటికిని అట్లే జరుగుచున్నది. కాని పట్టణములలో మూడు నాలుగు అంతస్తుల కట్టడములు పెరిగిన కొలదిని దండెమునకు చోటు తగ్గినది. శ్రావణ భాద్రపదములలో ముసురు పట్టినపుడు రెండు దినములైనను తడియారని బట్టలు ముక్కవాసన పట్టుట అందరకు అనుభవైకవేద్యమే. ఈ కారణముచేతనే సామాన్య గృహములలో సైతము ఉదుకు తొట్టి, పిండు తొట్టి జంటగా గల యంత్రము ప్రవేశించినది. ఇందలి పిండు తొట్టినే మన ఇండ్లలో ‘డ్రయ్యరు’ అందురు.

ఈ డ్రయ్యరు ఆగిపోయినపుడు గృహిణి పడు అవస్థ చిన్నది కాదు. పిలిచిన మేస్త్రి వచ్చుసరికి వారము గడచుచున్నది. వచ్చిన పిమ్మట ఏమి చెడినదో, ఏమి మార్చినాడో తెలియక అడిగినంత ఇచ్చుటయే జరుగుచున్నది. ఇందలి దోషములలో అనేకములు చదువుకొన్న ఏ విద్యార్థియైనను, విద్యార్థినియైనను ఇంటనే గుర్తించి సరిచేయదగినవి. మరికొన్ని ఎన్నడును తాకరానివి. ఈ రెంటికిని గల భేదమును తెలుపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

పిండుటకును ఆరుటకును గల భేదము

లోకమున బట్టలారబెట్టు యంత్రములు రెండు జాతులు. మొదటిది వేడిగాలితో ఆర్పునది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి ఇండ్లలో కానవచ్చునది సామాన్యముగా ఇదియే. తిరుగుచున్న పెద్ద పీపాలో బట్టలు దొర్లుచుండగా వేడిగాలి వాని నడుమ ప్రవహించి నీటిని ఆవిరి చేయును. రెండవది మన డ్రయ్యరు. ఇది వేడిని పుట్టింపదు. అతివేగముగా తిరిగి నీటిని వెలికి విసరివేయును.

ఈ భేదమును లెక్కతో చూచిన విశదమగును. నీటి గుప్తోష్ణము కిలోగ్రాము ఒక్కింటికి సుమారు 2260 కిలోజౌళ్లు. కావున ఒక కిలో నీటిని ఆవిరి చేయుటకు కనీసము 0.63 యూనిట్ల విద్యుత్తు కావలెను. మన డ్రయ్యరు మోటారు సుమారు 150 వాట్లు గ్రహించుననుకొన్నచో, 5 నిమిషములు తిరుగుటకు పట్టునది 0.0125 యూనిట్లు మాత్రమే. అనగా ఒక్క యూనిట్టుతో 80 పర్యాయములు పిండవచ్చును. అయితే పిండిన బట్ట పూర్తిగా ఆరినది కాదు. నూలుపోగులలో ఇంకిన తేమ మిగిలియే ఉండును. దానిని పోగొట్టుటకు కొంతసేపు గాలి తగులవలసినదే. ‘డ్రయ్యరులో వేసినను బట్టలు తడిగానే ఉన్నవి’ అను ఫిర్యాదులలో కొన్ని ఈ భేదమును గుర్తింపకపోవుటవలన కలిగినవే.

పిండుటలోని బలమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. బుట్ట నిమిషమునకు 1350 చుట్లు తిరుగుచున్నదనుకొందము. బుట్ట వ్యాసార్ధము 11 సెంటీమీటర్లయినచో, దాని అంచున ఉన్న నీటిబొట్టుపై పనిచేయు అపకేంద్ర త్వరణము భూమ్యాకర్షణకు సుమారు 220 రెట్లు. చేతులతో ఎంత మెలిపెట్టినను పోని నీరు ఇందు పోవుటకు ఇదియే కారణము. తిరుగుచున్న బుట్టలో చేయి పెట్టినవానికి కలుగు ప్రమాదము ఎంతటిదో కూడ ఈ అంకెయే తెలుపుచున్నది.

యంత్ర స్వరూపము

వెనుకపలక విప్పి చూచినచో డ్రయ్యరు భాగములు మిక్కిలి సులభముగా అర్థమగును. అడుగున మోటారు మూడు స్ప్రింగులపై నిలిచియుండును. మోటారు ఇరుసుపై ఒక చక్రము వంటి బిళ్ల కలదు. బుట్టనుండి క్రిందికి దిగిన ఇరుసు ఈ బిళ్లలో దూరి బోల్టులతో బిగింపబడును. బుట్ట ఇరుసు వెలి తొట్టి అడుగును దాటుచోట మడతలు గల రబ్బరు తొడుగు ఉండును. నీరు మోటారుపై పడకుండ కాపాడునది ఇదియే.

ఇరుసుబిళ్ల ప్రక్కనే బ్రేకు కట్టె కలదు. మూత మూసినపుడు ఒక సన్నని తీగ లాగబడి బ్రేకును బిళ్లనుండి ఎడము చేయును. మూత తెరచినపుడు తీగ వదులై బ్రేకు బిళ్లను ఒరసికొని బుట్టను ఆపును. అదే క్షణమున మూత క్రింది స్విచ్చి విద్యుత్తును తెంచును. పై పలకపై త్రిప్పు బిరడా టైమరు. ఇది గడియారము వంటి పండ్లచక్రములతో పనిచేసి, నిర్ణీత కాలము గడచినంతనే విద్యుత్తును ఆపును. మిగిలినది కెపాసిటరు. మన మేస్త్రీలు దీనిని ‘కండెన్సరు’ అందురు.

ఈ కెపాసిటరు అవసరమేమి? గృహములకు వచ్చు ఏకాంతర విద్యుత్తు ఒకే దశ గలది. ఒక్క తీగచుట్టకు దానినిచ్చినచో అయస్కాంత క్షేత్రము ఉబుకుచు తగ్గుచు ఉండునే కాని తిరుగదు. అందుచేత మోటారు తనంతట తాను కదలజాలదు. రెండవ తీగచుట్టను కెపాసిటరు ద్వారా కలిపినపుడు అందలి ప్రవాహము కొంత ముందు నడచును. ముందువెనుకలుగా నడచు ఈ రెండు ప్రవాహములు కలిసి తిరుగు క్షేత్రమును కల్పించును. కెపాసిటరు బలహీనపడిన సీలింగు పంకా మెల్లగా తిరుగుటకును, కఱ్ఱతో త్రోసినగాని కదలకుండుటకును కారణము ఇదియే.

పని మొదలిడుటకు ముందు

ఇచ్చట చెప్పు నియమములను ఎవరును ఉపేక్షింపరాదు. మొదటిది, స్విచ్చి ఆపుట చాలదు. ప్లగ్గును గోడనుండి పూర్తిగా ఊడదీయవలెను. ఇంటి వైరింగులో పొరపాటువలన స్విచ్చి న్యూట్రలు తీగపై ఉన్నచో, ఆపిన తరువాత కూడ యంత్రములో విద్యుత్తు నిలిచియే ఉండును. రెండవది, తడి నేలపై నిలిచి పని చేయరాదు. తొట్టిలోని నీటిని ముందుగా వదలివేసి, నేలను తుడిచి, కాళ్లకు ఎండు చెప్పులు తొడుగవలెను. మూడవది, ప్లగ్గు తీసిన పిమ్మట కూడ కెపాసిటరులో ఆవేశము నిలిచియుండవచ్చును. పాత తంతు దీపమును హోల్డరులో పెట్టి, దాని రెండు తీగల చివరలను కెపాసిటరు రెండు కొనలకు తాకించినచో ఆవేశము మెల్లగా హరించును. స్క్రూడ్రైవరును అడ్డముగా పెట్టి నిప్పురవ్వలు పుట్టించుట కొందరకు అలవాటు. అది కెపాసిటరునకును కంటికిని చెరుపు.

నాలుగవది, యంత్రమునకు మూడు కొనల ప్లగ్గును, సరియైన ఎర్తింగును ఉండవలెను. యంత్రపు ఒంటిని తాకినపుడు చేయి జివ్వుమన్నచో, తక్కిన దోషములను విడిచి ముందు దానిని చూడవలెను. 30 మిల్లీఆంపియర్ల లీకేజి రక్షక స్విచ్చి ఇంట ఉన్నచో ప్రాణభయము చాలవరకు తగ్గును.

కావలసిన పనిముట్లు స్వల్పము. నక్షత్రపు మొన గల స్క్రూడ్రైవరు, పానాలు రెండు, పట్టకారు, ఒక మల్టీమీటరు. విప్పిన ప్రతి మరను ఒక గిన్నెలో వేయుట, తీగలు విప్పుటకు ముందు వాని రంగులను కాగితముపై వ్రాసికొనుట మంచి అలవాట్లు.

దోష నిర్ణయము

వైద్యుడు నాడి చూచిన పిదపనే మందు ఇచ్చును. అట్లే ముందు విని, చూచి, తరువాతనే విప్పవలెను. డ్రయ్యరు వినిపించు శబ్దమే దోషమును సగము తెలుపును.

ఒకటి, శబ్దమేమియు లేక నిశ్చలముగా ఉండుట. ఇందు విద్యుత్తు మోటారును చేరలేదని అర్థము. గోడ ప్లగ్గులో మరియొక ఉపకరణమును పెట్టి చూడుడు. అది పనిచేసినచో దోషము యంత్రములోనే కలదు. ప్లగ్గును తీసి, వెనుకపలక విప్పి, ముందు తీగలను పరికింపవలెను. మన ఇండ్లలో ఎలుకలు యంత్రపు అడుగునుండి దూరి తీగలను కొరుకుట సర్వసాధారణము. తెగిన తీగను అతికించి, టేపు చుట్టి, అడుగున జాలీ బిగించినచో పని ముగియును. తీగలు సరిగా ఉన్నచో మూత స్విచ్చిని మల్టీమీటరుతో పరీక్షింపవలెను. మూత మూసినపుడు మీటరు మ్రోగవలెను, తెరచినపుడు మానవలెను. అట్లే టైమరును త్రిప్పి దాని కొనలను పరీక్షింపవలెను. టైమరు పాడైనచో దానిని విప్పి బాగుచేయుట శ్రమకు తగిన ఫలమీయదు. అదే నమూనా క్రొత్తది బిగించుట మేలు. టైమరును వెనుకకు బలవంతముగా త్రిప్పుటవలన పండ్లచక్రములు విరుగునని ఇంటిలోని పిల్లలకు చెప్పియుంచవలెను.

రెండు, మూలుగు వినవచ్చును గాని బుట్ట తిరుగకుండుట. మరమ్మతునకు వచ్చు డ్రయ్యరులలో తరచుగా కానవచ్చు దోషమిది. ముందు విద్యుత్తును వెంటనే ఆపవలెను. కదలని మోటారు కొద్దిసేపటిలోనే కాలిపోగలదు. ప్లగ్గు తీసి, వెనుకనుండి బ్రేకు కట్టెను చేతితో ఎడము చేసి, బుట్టను మెల్లగా త్రిప్పుడు. అది తేలికగా తిరిగినచో అడ్డు లేదు. తిరుగనిచో బుట్టకును వెలి తొట్టికిని నడుమ చేతిరుమాలో, పిల్లల మేజోడో చిక్కియుండును. లోపలి అడ్డు ఏమియు లేకున్నచో మోటారు బేరింగు బిగిసినదని గ్రహింపవలెను.

బుట్ట తేలికగా తిరిగినచో, మూత మూసియుంచి బ్రేకును చూడుడు. తీగ సాగి వదులైనచో మూత మూసినను బ్రేకు బిళ్లను ఒరయుచునే ఉండును. అనేక యంత్రములలో తీగ కొక్కెమునకు రెండు మూడు రంధ్రములు ఉండును. ఒక రంధ్రము ముందుకు మార్చినచో బ్రేకు విడివడును.

బ్రేకు కూడ సరిగానే ఉన్నచో మిగిలినది కెపాసిటరు. ఆవేశమును హరింపజేసి, దాని తీగలను విప్పి, మల్టీమీటరుతో కొలువవలెను. దానిపై 5 మైక్రోఫారడులు, 5 శాతము అని ముద్రింపబడియున్నచో కొలత 4.75కును 5.25కును నడుమ ఉండవలెను. 3కు దిగినచో అది పనికిరాదు. ఉబ్బినను, కారినను కొలువకయే మార్చవలెను. క్రొత్తది కొనునపుడు మైక్రోఫారడుల అంకెయు, వోల్టుల అంకెయు పాతదానితో సరిపోవలెను. డ్రయ్యరులో సామాన్యముగా 440 వోల్టులది వాడుదురు. చేతికందినది గదా యని పంకా కెపాసిటరును తగిలించుట తగదు. ఉదుకు మోటారు కెపాసిటరు అంకె వేరుగా ఉండును గావున ఆ రెంటిని తారుమారు చేయరాదు. ఈ చిన్న వస్తువు మార్చుటకు పావుగంట చాలును. మోటారే కాలినదని తలచి యంత్రమునే పాత ఇనుముక్రింద అమ్మివేయు గృహస్థులు దీనిని గమనింపవలెను.

మూడు, తిరుగుచు విపరీతముగా అదరుట. బట్టలు ఒకవైపు బరువుగా పడుట ఇందు ప్రథమ కారణము. ఒక్క దుప్పటిని ముద్దగా వేయుటకన్న చుట్టు సమముగా పరచి, పైన జాలీ మూతను నొక్కి పెట్టవలెను. యంత్రము నాలుగు కాళ్లు నేలను సమముగా తాకుచున్నవో లేదో చూడవలెను. ఇవి సరిగా ఉన్నను అదురు మానకున్నచో మోటారు క్రింది స్ప్రింగులలో ఒకటి తుప్పుపట్టి విరిగియుండును. మూడింటిని ఒకేసారి మార్చుట ఉచితము. ఒక్కదానినే మార్చినచో పాతవి వంగి, క్రొత్తది నిగిడి, మోటారు ఒరగును.

నాలుగు, యంత్రము క్రింద నీరు కారుట, ఇరుసు కీచుమనుట. ఇది రబ్బరు తొడుగు చినిగినదనుటకు చిహ్నము. దీనిని చూచియు ఊరకుండుట ప్రమాదకరము. నీరు సూటిగా మోటారుపై పడి బేరింగును తుప్పుపట్టించును, తీగచుట్టలలోనికి చేరి యంత్రపు ఒంటికి విద్యుత్తును ఎక్కించును. బోరు నీటిలోని సున్నపు పేరుకొనుటవలన తొడుగు త్వరగా అరుగును. ఇరుసుబిళ్ల బోల్టులు వదులుచేసి, బుట్టను పైకి లాగి, పాత తొడుగును తీసి, క్రొత్తదానిని గ్రీజు రాచి కూర్చవలెను. ఓర్పు గలవారు గంటలో చేయగలరు. నీరు మోటారుపై పడియున్నచో అది పూర్తిగా ఆరి, తీగచుట్టకును ఒంటికిని సంబంధము లేదని మీటరు చూపువరకు ప్లగ్గు పెట్టరాదు.

ఐదు, మూత తెరచినను బుట్ట ఆగకుండుట. దీనిని చాలమంది దోషముగానే ఎంచరు. మా దృష్టిలో ఇదియే అన్నిటికన్న భయంకరమైనది. పమిటచెంగు, దుపట్టా, పొడుగు చేతుల చొక్కా ఇందు చిక్కినచో చేయి విరుగుటకు క్షణము పట్టదు. బ్రేకు దిమ్మె అరిగినచో మార్చవలెను, తీగ అతిగా బిగిసినచో వదులు చేయవలెను. సరియగువరకు యంత్రమును వాడరాదు. మూత స్విచ్చి చెడినపుడు దాని రెండు తీగలను నేరుగా ముడివేసి ‘పని జరిగినది’ అనువారు కొందరు కలరు. అది పని జరుగుట కాదు, ఇంటిలోని స్త్రీలకును పిల్లలకును అపాయమును కూర్చిపెట్టుట. మరమ్మతునకు ఎవరు వచ్చినను ఈ ముడి వేయనీయరాదు.

మన చేతిలో లేనివి

మోటారు తీగచుట్ట కాలి కమురువాసన వచ్చినపుడు చుట్టించు దుకాణమునకే పంపవలెను. మోటారునుండి వచ్చు మూడు తీగలలో ఒకటి ఉమ్మడిది. ఉమ్మడికిని తక్కిన రెంటికిని వేరువేరుగా కొలిచిన నిరోధముల మొత్తము, ఆ రెంటికి నడుమ కొలిచిన నిరోధముతో సరిపోవలెను. ఎచ్చటనైనను మీటరు అనంతమును చూపినచో చుట్ట తెగినది. ఇంతవరకు తెలిసికొనుట మన పని, చుట్టుట నిపుణుని పని.

వేడిగాలి యంత్రములు వాడు ప్రవాసుల విషయమున జాగ్రత్తలు వేరు. అందు వేడి పుట్టించు తీగచుట్టకు అమెరికాలో 240 వోల్టుల విద్యుత్తు ఇత్తురు. బట్టలనుండి రాలిన నూగు జాలీలోను, గాలి గొట్టములోను పేరుకొని నిప్పు అంటుకొనుటయే అందలి ముఖ్య ప్రమాదము. ప్రతి పర్యాయము జాలీని దులుపుట, గొట్టమును అప్పుడప్పుడు శుభ్రము చేయుట ఎవరైనను చేయదగినవి. ఉష్ణ ఫ్యూజు తెగినపుడు దానిని మార్చుట చాలదు, గాలి ఎచ్చట అడ్డగింపబడినదో చూడవలెను. వాయువుతో పనిచేయు యంత్రముల గొట్టములను తాకుట గృహస్థునకు తగదు.

చివరగా రెండు మాటలు

‘మరమ్మతు’ అను మాట అరబ్బీనుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. ‘మేస్త్రి’ పోర్చుగీసు పదము. పట్టకారు మన తెలుగుదే. పేచ్‌కస్, పానా, కండెన్సరు, బుష్షు – ఈ మాటలన్నియు హైదరాబాదు దుకాణపు బల్లపై ప్రక్కప్రక్కనే కూర్చొనియుండును. ఏ నిఘంటు సంఘమును కూర్పని ఈ పదజాలమును చేతిపనివారే కూర్చినారు. తరగతిలో భాషలను వేరువేరు గదులలో చదువుచున్న మన విద్యార్థులు ఆ బల్లయొద్ద ఒక గంట నిలిచినచో యంత్రమును గూర్చియే కాక భాషను గూర్చియు కొంత నేర్తురు.

చదువుకొన్నవానికి స్క్రూడ్రైవరు పట్టుట చిన్నతనమను భావము మనలో ఇంకను పోలేదు. ఇది మగపిల్లల పని యను భావమును పోలేదు. ప్రతిదినము ఆ యంత్రము ముందు నిలుచునది ఇంటిలోని స్త్రీ. బ్రేకు ఆగుచున్నదో లేదో, ఒంటికి విద్యుత్తు తగులుచున్నదో లేదో ముందుగా తెలిసికొనవలసినది ఆమెయే. కావున మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు ఈ సెలవులలో తమ ఇంటి డ్రయ్యరు ప్లగ్గు ఊడదీసి, వెనుకపలక విప్పి, ఇందు చెప్పిన భాగములను ఒక్కొక్కటిగా తల్లికిని చూపి తామును గుర్తింపవలెనని కోరుచున్నాము. చెడనిదానిని చూచి ఎరిగినవారికి చెడినపుడు దోషము పట్టుట కష్టము కాదు.